కడుపునొప్పి వీలునామా

జూన్ 12

అక్కా,

నువ్వు వీలునామా చదివి, అందరినీ నవ్వించి, పెట్టె సర్దుకుని చక్కా పోయావు. ఇక్కడ మా కొంపలు మునుగుతున్నాయి. చెబితే నువ్వు నమ్మవు. కళ్ళారా చూస్తున్న నేనే నమ్మలేకపోతున్నాను.

పెద్ద క్లాసు వాళ్ళు బడి వదిలి వెళ్ళే రోజున భోజనాల హాల్లో వరసగా బల్లెక్కి, "నా తదనంతరం ఈ బళ్ళో నా ఆస్తి ఫలానా పిల్లకి చెందాలి" అని చదవడం, ఆ ఫలానా పిల్ల వచ్చి రెండు చేతులూ చాచి "పుచ్చుకున్నాను" అని పుస్తకంలో సంతకం పెట్టడం ఏటా ఉన్నదే కదా. ఏటా నవ్వుకుంటాం, మర్చిపోతాం. ఈసారి మాత్రం ఎవరూ మర్చిపోయినట్టు లేదు. బడి తెరిచి పది రోజులైంది, ఎవరి వాటా వాళ్ళు అనుభవించడం మొదలుపెట్టారు.

మీ క్లాసు పొడుగావిడ తన ఆలస్యాన్ని మా తొమ్మిదో తరగతి లీడరుకి రాసిచ్చింది, గుర్తుందా? బుద్ధెరిగాక ఒక్కపూట ఆలస్యం కాని మనిషి, ఈ పది రోజుల్లో ఐదుసార్లు ప్రార్థన అయిపోయాక వచ్చింది. అడిగితే "నేనేం చెయ్యను, పుచ్చుకున్నాను కదా" అంటుంది. కళ్ళు తెరుచుకుని నిద్రపోయే విద్య ఎనిమిదో తరగతి కళ్ళజోడు పిల్లకి వచ్చింది. నిన్న లెక్కల మాస్టారు దాని ముఖం ముందు చెయ్యి ఊపి చూసి, అది రెప్ప కూడా వెయ్యకపోయేసరికి హడలిపోయి నీళ్ళు చల్లారు. ఇక వార్డెనమ్మ గొంతు అనుకరించే నీ విద్య కవలల్లో చిన్నదానికి ఇచ్చావు. మొన్న స్నానాల గదుల దగ్గర "ఎవరే అక్కడ?" అని వినపడితే నేను కళ్ళలో సబ్బుతో బయటికి పరిగెత్తుకొచ్చాను. చూస్తే అది! వేలెడంత లేదు!

నీ పెద్ద ఆస్తి సంగతి చెప్పలేదు కదూ. గుండుసూది మా గదిలోనే ఉంది. ఏడో తరగతికి వచ్చినా పుల్లలాంటి ఒళ్ళూ, మీద ఇంత తలా అలాగే ఉన్నాయి. పోయినేడంతా నీకు కడుపునొప్పి వచ్చినప్పుడల్లా వేడినీళ్ళ సంచి మోసుకొచ్చి, నువ్వు మంచం మీద దొర్లుతుంటే పక్కన నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. చివరికి దానికే రాసిచ్చావు. "ఐదేళ్ళుగా ఏ డ్రిల్లుకీ ఏ పరీక్షకీ నన్ను నట్టేట ముంచని నా కడుపునొప్పిని" అని నువ్వు చదువుతుంటే నర్సమ్మ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. గుండుసూది ఒక్కతే నవ్వలేదు. సంతకం కూడా గుండ్రంగా, నిదానంగా పెట్టింది. ఇంతవరకూ వాడుకోలేదు. ఏమే అని అడిగితే "ఇంకా రాలేదక్కా" అంటుంది.

ఊరందరికీ పంచావు. సొంత చెల్లెలికి మాత్రం రెండు అరిగిపోయిన చెప్పులు దక్కాయి. అవి కూడా వీలునామాలో లేవు, మంచం కింద మర్చిపోయావు.

నీ వారసత్వం లేని చెల్లెలు


జూన్ 17

ఒసేయ్ కుళ్ళుబోతూ,

నీ ఉత్తరం మా గదిలో నలుగురికీ చదివి వినిపించాను. వాళ్ళకి పొట్ట చెక్కలైంది. లెక్కల మాస్టారు నీళ్ళు చల్లడం రెండుసార్లు చదివించుకున్నారు.

నా సంగతి విను. నర్సు శిక్షణ అంటే సూది గుచ్చడం, పల్స్ చూడడం అనుకున్నాను. మూడు వారాలైనా ఇంకా మనుషుల్ని ముట్టుకోనివ్వలేదు. మాకొక రబ్బరు బొమ్మ ఉంది, దాన్ని పడుకోబెట్టి దాని కింద దుప్పటి మార్చాలి. దుప్పటి మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి దొయ్యాలి. హెడ్ నర్సు వచ్చి చూసి, నోరు మెదపకుండా ఒక్క లాగు లాగి పోతుంది. మళ్ళీ మొదటినుంచి. దొంగ రోగంతో ఐదేళ్ళు మంచం ఎక్కినదాన్ని ఇప్పుడు పొద్దస్తమానం మంచాలు సర్దుతున్నాను. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత!

గుండుసూది ఇంకా రాలేదంటుందా? రావాలంటే పిలవాలి. కూర్చోబెట్టి ఇది చదివి వినిపించు. నొప్పి ఎప్పుడూ ఎడమ డొక్కలోనే రావాలి. పొరపాటున కూడా కుడివైపు పట్టుకోకూడదు, అలా పట్టుకుంటే పెద్ద డాక్టరు దాకా లాక్కెళ్తారు, అది మనకి అనవసరం. కట్టెలా పడుకుంటే ఎవరూ నమ్మరు, దొర్లాలి. నర్సమ్మ చెప్పుల చప్పుడు వినగానే మూలుగు ఎత్తుకుని, ఆవిడ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పళ్ళు బిగపట్టి ఆపెయ్యాలి. అప్పుడు ఓర్చుకుంటున్నట్టు ఉంటుంది, ఆవిడ గుండె నీరవుతుంది. భోజనం వద్దనాలి. బిస్కెట్లు దిండు కింద ఉండాలి. ఇంతే విద్య. డ్రిల్లు పరీక్ష లోపల నేర్చేసుకోమను.

ఇట్లు
రబ్బరు బొమ్మకి సేవ చేస్తున్న మీ అక్క


జూన్ 21

అక్కా,

ఘోరం జరిగిపోయింది. నీ ఉత్తరం సిక్ రూమ్ గోడ ఎక్కింది!

గదిలో నడుమ నిలబడి నీ సూచనలు నీ గొంతుతోనే చదువుతున్నాను. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. ఉన్నట్టుండి ఎవరూ నవ్వడం లేదు. తిరిగి చూస్తే వెనకాల నర్సమ్మ! మా తలల్లో పేలు చూడడానికి దువ్వెన పట్టుకుని వచ్చింది. నా చేతిలోంచి కాగితం లాక్కుని మొదటినుంచీ చివరిదాకా చదివింది. ఆవిడ తిట్టలేదే! మంచం మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "నా చెప్పుల చప్పుడు విని మొదలుపెట్టేదా! ఐదేళ్ళు నా గుండె నీరు చేసిందా!" అని ఒకటే నవ్వు. తరవాత కళ్ళు తుడుచుకుని, "ఇక ఎవరి పప్పులూ నా దగ్గర ఉడకవు" అని కాగితం పట్టుకుపోయి మందుల బీరువా పక్కన గోడకి అతికించింది. ఇప్పుడు ఎవరు కడుపు పట్టుకుని వెళ్ళినా ముందు అది చదవమంటుంది. నిన్న ఇద్దరు సగం చదివి వెనక్కి వచ్చేశారు.

గుండుసూది మాత్రం వేలితో గీతలు గీసుకుంటూ విని, "పెద్దక్కకి ఎప్పుడూ ఎడమవైపేనా?" అని అడిగింది. అవునే అన్నాను. "పాపం" అంది. అది నిన్ను చూసి జాలి పడుతుందో, నర్సమ్మని చూసో నాకు తెలియలేదు.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. దానికంటే ముందు నుంచీ నీ మంచం పక్కన ఉన్నది నేను కాదా? నువ్వు సిక్ రూమ్‌లో ఉన్నప్పుడు నీ హోమ్‌వర్కు రాసింది ఎవరు? అందరిముందూ ఒక్కసారి నా పేరు చదివితే నీ సొమ్మేం పోయేది?

చెల్లి


జూన్ 23

మూతి ముడుచుకున్న చెల్లెమ్మకి,

గోడకి ఎక్కానా! నేనింకా పెద్ద పరీక్షలో ఫస్టు వస్తేనే నా పేరు గోడమీద రాస్తారనుకున్నాను. నర్సమ్మకి నా నమస్కారాలు చెప్పు.

గుండుసూది మీద నీకున్న కుళ్ళు ఉత్తరం అంచుల్లోంచి కారుతోంది. ఎందుకిచ్చానంటే ఇచ్చాను, నా ఆస్తి నా ఇష్టం. పందెం కడతావా? గోడమీద కాగితం ఉన్నా సరే, నర్సమ్మ ఎదురుగా కూర్చున్నా సరే, ఈ నెలాఖరు లోపల ఆ పిల్ల సిక్ రూమ్ మంచం ఎక్కకపోతే నన్ను అక్కా అని పిలవకు. నా ఎంపిక తప్పదు.

ఇవాళ మాకు కడుపు గురించి పాఠం మొదలైంది. బోర్డు మీద ఇంత పొట్ట బొమ్మ వేశారు. నాకు నవ్వాగక బయటికి పంపించేస్తారేమోనని భయపడ్డాను.

అక్క


జూన్ 26

అక్కా,

పందెం గెలిచావు. ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం నిన్న నా చేతికి వచ్చేసరికే గుండుసూది కడుపు పట్టుకుని కూర్చుంది. దానికి విడిగా ఉత్తరం రాశావు కదూ? అబద్ధం చెప్పకు, లేకపోతే ఇంత సరిగ్గా ఎలా కుదురుతుంది?

కుదిరింది తేదీ ఒక్కటే. నటన చూస్తే నువ్వు నుదురు కొట్టుకుంటావు. మంగళవారం పొద్దున్న మొదలుపెట్టింది. ఎడమ డొక్క అని చిలక్కి చెప్పినట్టు చెప్పావా? ఇది బొడ్డు చుట్టూ అంది. సాయంత్రానికి మాట మార్చేసి కుడివైపు కింద అంది. "నీ నొప్పికి కాళ్ళొచ్చాయేమే?" అని మా లీడరు అంటే గదంతా గొల్లుమంది. దొర్లమంటే దొర్లదు. కుడి మోకాలు ముడుచుకుని, ఉన్నచోటే ఉంటుంది. మంచానికి నా కాలు తగిలితే "కదపకక్కా" అంటుంది. మూలగమంటే మూలగదు, పళ్ళు మాత్రం బిగపట్టింది. బిస్కెట్లు నేనే దిండు కింద పెట్టాను. రెండు రోజులకి చీమలు పట్టాయి గానీ అది ముట్టుకోలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. అదెలా తెప్పించుకుందో నాకు తెలియదు. అదొక్కటే మెచ్చుకోదగ్గది.

నర్సమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ గోడమీద కాగితం చూపించి "పాఠం సరిగ్గా రాలేదమ్మా, కుడివైపు పట్టుకున్నావు" అంది. తరవాత నావైపు తిరిగి, "గది పెద్దవి నువ్వు, నువ్వు చెప్పు. ఏమిటిది?" అని అడిగింది. "వీలునామాదే అయ్యుంటుందండీ" అన్నాను. ఆవిడ రిజిస్టర్లో ఏం రాసిందో తెలుసా? "వారసత్వపు నొప్పి. సోడా నీళ్ళు ఇచ్చి క్లాసుకి పంపడమైనది." అచ్చంగా ఇలాగే! నేను వచ్చి చెబితే గదిలో ఒక్కళ్ళకీ నవ్వాగలేదు.

నిన్న సాయంత్రం నాకు కొంచెం భయం వేసిన మాట నిజం. ఒళ్ళు వెచ్చగా అనిపించింది. కానీ ఇవాళ్టితో అంతా తేలిపోయింది. మధ్యాహ్నం మూడింటికి డ్రిల్లు పరీక్ష అయిపోయిందా, సరిగ్గా అప్పుడే నొప్పి టక్కున ఆగిపోయింది! "పోయిందక్కా" అని నవ్వింది కూడా. మూడు రోజుల తరవాత ముఖం విప్పారింది. అలాగే నిద్రపోయింది. పరీక్ష తప్పించుకుంది, నాటకం ముగించింది. ఎంత నంగనాచి! నీ ఎంపిక తప్పదని ఊరికే అన్నావా?

చెల్లి


జూన్ 28

చెల్లీ,

ఈ కాగితం పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తు. మిగతాది తరవాత చదువుకో. గుండుసూదిని ఈ క్షణం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అది నాటకం కాదు. నేను వేళాకోళం ఆడడం లేదు. అమ్మ మీద ఒట్టు.

వెళ్ళి వచ్చావా? ఇప్పుడు చదువు.

నేను దానికి ఏ ఉత్తరమూ రాయలేదు. నీ ఉత్తరం ఇవాళ పొద్దున్న వచ్చింది. నవ్వుకుంటూనే విప్పాను. బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగిందని చదివేసరికి నవ్వు ఆగింది. కదలదు, మోకాలు ముడుచుకుంటుంది, తిండి ముట్టదు, వాంతులు, ఒళ్ళు వెచ్చన. సోమవారం మాకు చెప్పిన అపెండిసైటిస్ పాఠం తెచ్చి నీ ఉత్తరం పక్కన పెట్టుకున్నాను. ఒక్క మాట తేడా లేదు. నువ్వు నవ్వుతూ రాసినదాన్నే మాకు బోర్డు మీద రాసి నేర్పారు. నాకు దొర్లడం తెలుసు గానీ, నిజంగా నొప్పి ఉన్నవాళ్ళు దొర్లరని తెలియదు. కదిలితే ప్రాణం పోతుంది కాబట్టి కదలరట.

పాఠం చివర మా టీచరు సుద్దముక్క కింద పెట్టి ఇలా అంది: "నొప్పి ఉన్నట్టుండి పోయిందని రోగి నవ్వితే మీరు నవ్వకండి. లోపల చితికిపోయిందన్నమాట. పరిగెత్తండి." నేను దాని కింద రెండు గీతలు గీసుకున్నాను. నువ్వు ఆ నవ్వు గురించే రాశావే!

వెంటనే బడికి ఫోన్ చేశాను. గుమాస్తా గారు ఎత్తారు. పేరు చెప్పగానే "ఓహో, నువ్వా? వెళ్ళినా వదలవా మమ్మల్ని?" అన్నారు. పోయినేడు నేను తనిఖీ అధికారిణి గొంతుతో ఫోన్ చేసి ఆయన్ని గంటసేపు ఎండలో గేటు దగ్గర నిలబెట్టలేదూ! ఎంత మొత్తుకున్నా వినలేదు. "వీలునామా నొప్పికి ఫోన్లు కూడానా?" అని పెట్టేశారు. నేను ఏడుస్తూ హెడ్ నర్సు దగ్గరికి వెళ్ళాను. దుప్పట్లు లాగేసే ఆవిడే. మొత్తం విని, లేచి వచ్చి తనే ఫోన్ చేసింది. ఆయన విని ఏమన్నారో తెలుసా? "ఈసారి పెద్దావిడ గొంతు భలే కుదిరిందమ్మా." మళ్ళీ చేస్తే రిసీవరు పక్కన పెట్టేసినట్టున్నారు, ఎంతకీ కలవలేదు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో హెడ్ నర్సు మాట నమ్మనివాళ్ళు లేరట. నావల్ల ఆవిడ మాట కూడా చెల్లలేదు.

కొత్తవాళ్ళకి మూడు నెలలదాకా సెలవు లేదు. బస్సు కండక్టరు కాళ్ళమీద పడ్డంత పని చేసి ఈ ఉత్తరం పంపుతున్నాను. నాన్నా పులి అని ఐదేళ్ళు అరిచింది నేను. పులి వెళ్ళింది ఆ పిల్ల మీదికి.

అక్క


జూన్ 29

అక్కా,

నీ ఉత్తరం కండక్టరు బడి గేటు దగ్గర ఇస్తే, ఆసుపత్రికి తెచ్చి నాకిచ్చారు. అప్పటికే గుండుసూదిని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. బతికే ఉంది. ఇప్పటికి ఆ ఒక్క మాటే రాయగలను.

మేమెవ్వరం తీసుకెళ్ళలేదక్కా. నేను కాదు, నర్సమ్మ కాదు. ఈ నెలలో కొత్తగా చేరిన వంటావిడ తీసుకెళ్ళింది. బళ్ళో ఆ వీలునామా వినని మనిషి ఆవిడొక్కతే.

నొప్పి పోయిందన్నాక శుక్రవారం మళ్ళీ జ్వరం ఎక్కువైంది. మేం లెక్క చెయ్యలేదు. నిన్న మధ్యాహ్నం దాన్ని భోజనాల హాలుకి నడిపించుకొచ్చాం. వంటావిడ కూర వడ్డిస్తూ దాని ముందు ఆగింది. "ఈ పిల్ల పెదాలు చూడండి, ఎలా ఎండిపోయాయో. ఏమైంది దీనికి?" అంది. వీలునామాది అన్నాం. "అదేంటి?" అంది. పెద్దక్క తన కడుపునొప్పి దీనికి రాసిచ్చిందని నేనే చెప్పాను. ఆవిడ గరిటె పట్టుకుని నన్నే చూసింది. "నొప్పి రాసివ్వడమేంటే? మీకేమైనా మతిపోయిందా?" అంది. ఎంతమంది నవ్వారో నాకు గుర్తు లేదు. ఆవిడ నవ్వలేదు. గరిటె పడేసి దాని పొట్టమీద చెయ్యి వేసింది. "అమ్మో, చెక్కలా ఉంది! ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి. ఎన్నాళ్ళనుంచి?" ఐదో రోజు అన్నాను.

దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తింది. గేటు దగ్గర కాపలా అతను, నర్సమ్మ ఇచ్చిన చీటీ ఏదని అడిగితే "నువ్వు తియ్యకపోతే గేటు దూకుతా" అంది. రొట్టెల వ్యాను సామాను దింపుతోంది, అందులోనే ఎక్కించి తీసుకెళ్ళిపోయింది. నేను ట్రేల మధ్య కూర్చుని దాని కాళ్ళు పట్టుకున్నాను. ఎంత వేడి అక్కా!

డాక్టరు మూడు గంటల తరవాత బయటికి వచ్చారు. అపెండిక్స్ రెండు రోజుల కిందటే చితికిపోయిందట, కడుపంతా చీము. "ఇంకో పూట ఆగితే నా దగ్గరికి తెచ్చి కూడా లాభం లేదు. ఇప్పుడైనా మాట ఇవ్వలేను" అన్నారు. నర్సమ్మ అక్కడే గోడకి ఆనుకుని కూలబడిపోయింది. రిజిస్టరు తన ఒళ్ళోనే ఉంది, ఎందుకు తెచ్చుకుందో! గుమాస్తా గారు మాత్రం లోపలికి రావడం లేదు. మెట్లమీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ "రెండుసార్లు చేసింది, రెండుసార్లు" అని చెబుతున్నారు.

గుండుసూది వాళ్ళమ్మ బట్టలు కుట్టే దుకాణం నుంచి ఉన్నపళంగా వచ్చేసింది, మెడలో కొలతల టేపు అలాగే ఉంది. "గది పెద్దవి నువ్వేనా తల్లీ?" అని అడిగింది. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని, "ప్రతి ఉత్తరంలో నీ గురించే రాస్తుంది. అక్క నన్ను బాగా చూసుకుంటుంది, నువ్వేం బెంగపెట్టుకోకు అని" అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఇది ఎవరికీ చెప్పకు. నర్సమ్మ నన్ను అడిగింది కదా, వీలునామాదే అన్నాను కదా. నిజంగా అలా అనుకునే అన్నానో లేదో నాకు తెలియడం లేదు. నువ్వు దానికి ఇచ్చి నాకు ఇవ్వలేదన్న మంట నాలో ఉంది. అది తిట్లు తింటే బాగుండుననిపించింది. ఒళ్ళు వెచ్చగా ఉందని నాకు బుధవారమే తెలుసక్కా.

చెల్లి


జూలై 2

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఏమైందో తెలియకుండా ఎలా ఉండమంటావే? రోజుకొక కార్డు ముక్క రాయి. బతికి ఉంది అని రెండు మాటలు రాసినా చాలు.

హెడ్ నర్సుని సెలవు అడిగాను. "వెళ్ళి ఏం చేస్తావు? ఇక్కడ పద" అని రబ్బరు బొమ్మ దగ్గరనుంచి తీసుకెళ్ళి పిల్లల వార్డులో నిలబెట్టింది. ఇక్కడ ఏ పిల్ల మూలిగినా నేను పరిగెత్తుతున్నాను. ఏ పిల్ల మూలగకపోయినా పరిగెత్తుతున్నాను.

తప్పు నీ నెత్తిన వేసుకోకు. నీకు ఎందుకివ్వలేదో ఇప్పుడు చెబుతాను. వీలునామా రాస్తున్నప్పుడు మొదట నీ పేరే రాశాను. పక్కన ఏం రాయాలా అని చూస్తే నా దగ్గరున్నవన్నీ దొంగ విద్యలే. ఇవి నా చెల్లెలికి అంటకూడదనిపించింది. కొట్టేశాను. చూశావా నా తెలివి? నా చెల్లెలికి వద్దనుకున్నదాన్ని పరాయి పిల్లకి అందరిముందూ నవ్వుతూ ఇచ్చాను. అది రెండు చేతులూ చాచి తీసుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని అమ్మ అంటుంటే ఇన్నాళ్ళూ నేను వినలేదు.

ఆ గోడమీద కాగితం చింపెయ్యమని నర్సమ్మకి చెప్పు.

అక్క


జూలై 6

అక్కా,

బతికింది! నిన్న జ్వరం దిగింది. ఇవాళ రెండు చెంచాల నీళ్ళు తాగింది. డాక్టరు మొదటిసారి కూర్చుని మాట్లాడారు, గండం గడిచినట్టే అన్నారు. ఇంకో మూడు వారాలు ఇక్కడే ఉంచాలట. నేను, వంటావిడ, వాళ్ళమ్మ ముగ్గురం వరండాలో ఒకళ్ళని పట్టుకుని ఒకళ్ళం ఏడ్చాం.

కాగితం నర్సమ్మ అప్పుడే చింపేసింది. వీలునామాల పుస్తకం ప్రిన్సిపాల్ తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇకమీదట ఆ చదవడాలు ఉండవట. లీడరు పొద్దున్నే అందరికంటే ముందు లేస్తోంది. ఎవరూ ఏమీ అనకుండానే అందరూ అన్నీ మానేశారు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. నాలుగుసార్లు రాసి చింపేశాను.

ఇవాళ పొద్దున్న డాక్టరు దాన్ని అడిగారు. "ఇంత నొప్పి ఉంటే పెద్దవాళ్ళ దగ్గర గట్టిగా ఏడవాలి కదమ్మా. ఎందుకు ఏడవలేదు?" అని. నర్సమ్మ తలుపు దగ్గరే ఉంది, నేను మంచం దగ్గర ఉన్నాను. మేం నమ్మలేదని చెబుతుంది అనుకుని ఇద్దరం తలలు దించుకున్నాం.

అలా చెప్పలేదక్కా. అసలు మామీద కోపమే లేదు. "అది నా నొప్పి కాదండీ, పెద్దక్కది. నేను సంతకం పెట్టి పుచ్చుకున్నాను. నా వంతు వచ్చేదాకా మొయ్యాలి కదా. నేను వెళ్ళేటప్పుడు ఇంకొకళ్ళకి రాసివ్వచ్చు" అంది. డాక్టరుకి ఏమీ అర్థం కాక నావైపు చూశారు. నేను ఎవరివైపూ చూడలేకపోయాను. అది నిజమనుకుంది. మనం ఆడుకున్నామని దానికి ఇప్పటికీ తెలియదు. ఎడమవైపు రావలసింది కుడివైపు ఎందుకు వచ్చిందా అని మాత్రం ఆలోచించిందట. తను సరిగ్గా పుచ్చుకోలేదేమో అనుకుందట.

డాక్టరు వెళ్ళాక నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు ఇంకా పెగలడం లేదు, చెవి నోటి దగ్గర పెట్టాను. "అక్కా, నేను ఐదు రోజులే మోశాను. పెద్దక్క ఐదేళ్ళు ఎలా ఓర్చుకుంది? ఇప్పుడైనా తగ్గిందా? అడిగి చెప్పవా?" అంది.

నీకు ఉత్తరం రాస్తానని వచ్చేశాను. ఏం చెప్పమంటావో నువ్వే రాయి.

చెల్లి


జూలై 8

చెల్లీ,

నువ్వేమీ చెప్పకు. నేను వస్తున్నాను.

నీ ఉత్తరం హెడ్ నర్సుకి ఇచ్చాను. చివరిదాకా చదివి, మడిచి నా చేతిలో పెట్టి, సెలవు చీటీ మీద సంతకం చేసింది. "అబద్ధం చెప్పి ఓదార్చాలని చూడకు" అంది, అంతే. రేపు పొద్దుటి బస్సెక్కుతాను, సాయంత్రానికి ఆసుపత్రిలో ఉంటాను. వాళ్ళమ్మని కూడా అక్కడే ఉండమను. వంటావిడనీ ఉండమను, ఆవిడ కాళ్ళకి దండం పెట్టుకోవాలి.

ఆ పిల్ల మంచం దగ్గర కూర్చుని చెబుతాను. నాకు ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా, ఒక్క నిమిషం కూడా కడుపునొప్పి రాలేదని చెబుతాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకున్నప్పుడల్లా దుప్పటి కింద నేను నవ్వుకున్నానని కూడా చెబుతాను. ఆ నొప్పి ఇంకెవరిదీ కాదు, మొదటినుంచీ దానిదే అని చెప్పాలి. వినగానే అది నన్ను తిట్టాలి. పొమ్మనాలి. వాళ్ళమ్మ నన్ను చెంప పగలగొట్టినా సరే.

తిట్టకుండా, హమ్మయ్య పెద్దక్కకి నొప్పి లేదట అని సంతోషిస్తుందేమోనని, అదొక్కటే నాకు భయంగా ఉంది.

అక్క